ఓడెక్కిన కట్టుగుడ్డ

మా అత్త మునిలక్ష్మి పెట్టెలో ఆ కట్టుగుడ్డ కనిపించేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు మధ్యాహ్నం చెన్నై హార్బర్‌లో ఓడ ఎక్కాలి. నేను వారం రోజులుగా నా కొడుకు విమల్ బట్టలు, మందులు, బిస్కెట్లు, దుప్పటి ఒక్కొక్కటే సర్దుతుంటే ఆమె తన రెండు చీరల మధ్యలో దీన్ని దాచిపెట్టింది.

కట్టుగుడ్డ అంటే లుంగీ గుడ్డను పట్టీలుగా చించి మూడు పాయలుగా అల్లిన తాడు. నాలుగు మూరలుంటుంది. తిరుత్తణి దగ్గర మా పొదటూరుపేటలో మగ్గాలున్న ఇళ్ళలో పాకే బిడ్డకు నడుముకు ఒక కొస కట్టి, రెండో కొస స్తంభానికి వేస్తారు. తల్లి మగ్గం దగ్గరుంటే బిడ్డ తన తాడు పొడవునా ఆడుకుంటుంది. ఎంత పొడవు వదలాలన్నదే అసలు లెక్క. చెయ్యి చాపినా మగ్గానికి జానెడు దూరంలో ఆగిపోవాలి.

"ఇదెందుకత్తా?" అన్నాను.

"బిడ్డ వస్తాండాడు గదా మే. సముద్రమంట."

"ఓడకు గోడలుంటాయి, అద్దాలుంటాయి, కమ్మీలుంటాయి. కట్టేసి తీసుకుపోవడానికి వాడేమన్నా మేకపిల్లా?"

ఆమె తాడును మళ్ళీ మడిచి చీర కింద పెట్టుకుంది. అదీ ఆమె పద్ధతి. నోట్లో నాలుక లేని మనిషి అని చూసినవాళ్ళంతా అంటారు. నాలుగేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నదాన్ని, నాకు తెలుసు. మాట గెలవడం నాకు వదిలేస్తుంది, పని మాత్రం తను అనుకున్నట్టే చేస్తుంది.

నేను పూండి వైపు సేద్యగాళ్ళ ఇంటి పిల్లను. తిరుత్తణిలో ఒక బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. కాపురానికి వచ్చిన మొదటి నెల ఆ రెండు పవర్‌లూమ్‌ల మోతకు తలపట్టేసి ఏడ్చాను. మా అత్తకు అదే ఊపిరి. పళ్ళిపట్టులో పుట్టి, పన్నెండేళ్ళకు గుంటమగ్గంలో కాళ్ళు దించి, పంతొమ్మిదికి పెళ్ళై పొదటూరుపేటకు వచ్చి, అప్పటినుంచి లుంగీలే. తిరుత్తణి కొండ, రెండుసార్లు తిరుపతి, ఆమె చూసిన లోకం అంతే. బస్సు దిగి వీధి మొదట్లో ఉండగానే, "మన రెండో మగ్గం తడబడతాండాది, మీ మామ చూసుకోలేదు" అంటుంది. ముప్పై మగ్గాల మోతలో ఆ ముక్క ఎట్లా వినపడుతుందో తిరుత్తణి కొండమీది ఆ తణికేశుడికే తెలియాలి.

ఇక ఓడ సంగతి. నా భర్త గోకుల్‌కు తిరుత్తణిలో రంగుల కొట్టు ఉంది. ఆ ఏడాది బాగా అమ్మిన కొట్లవాళ్ళకు కంపెనీ వాళ్ళు బహుమతిగా ఓడ ప్రయాణం ఇచ్చారు. చెన్నైలో ఎక్కి, రెండు రాత్రులు సముద్రంలో తిరిగి, మళ్ళీ చెన్నైలోనే దిగడం. ముగ్గురు పెద్దవాళ్ళకు చోటు. విమల్‌కు ఏడాది తొమ్మిది నెలలు, వాడికి టికెట్టే లేదు. నాకు మేము ముగ్గురమే వెళ్ళాలని ఉంది. పెళ్ళయ్యాక మేము ఎక్కడికీ పోలేదు. గోకుల్ మాత్రం, "అమ్మ లేకుంటే వాడు పడుకోడు చందనా" అన్నాడు. ఆ మాట నిజం. నిజం కాబట్టే నాకు మరీ మంట.

విమల్ మగ్గం మోతలో పుట్టి పెరిగాడు. మోత ఉంటేనే నిద్ర, మోత ఆగితే మెలకువ. మా వీధిలో బిడ్డలందరూ అంతే. మధ్యాహ్నం కరెంటు పోయిందంటే మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. మరుక్షణం వీధి మొత్తం పసిబిడ్డల ఏడుపే. లేచీ లేవగానే కళ్ళు తెరవకుండా చెయ్యి చాపి దొరికిందల్లా పట్టుకుంటాడు మావాడు. మామ షణ్ముగం దీన్ని చూసి, "కరెంటోళ్ళకు ఈ బిడ్డల ఏడుపు తగలతాది" అని తిడుతూ ఉంటాడు. పడుగు ఎక్కించిన మగ్గాలను వదిలి రానని ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు.

ఓడ కదిలిన మొదటి సాయంత్రమే తెలిసొచ్చింది. మాకిచ్చిన గది మెత్తటి తివాచీతో, దూది పెట్టినట్టు నిశ్శబ్దంగా ఉంది. విమల్ ఒకటే ఏడుపు. పాలిచ్చాను, ఎత్తుకు తిప్పాను, ఫోన్‌లో పాటలు పెట్టాను. గంటసేపు నన్ను తన్నాడు. చివరికి అత్త కింద కూర్చుని మంచం చెక్క మీద అరచేత్తో మగ్గం మోతలాగే కొట్టడం మొదలుపెట్టింది. రెండు గట్టివి, ఒకటి మెల్లగా. రెండు గట్టివి, ఒకటి మెల్లగా. అయిదు నిమిషాల్లో వాడు నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

నాకు సంతోషం కలగాలి కదా? కుళ్ళు పుట్టింది. కన్నది నేను, నిద్రపుచ్చేది ఆమె. బాత్రూంలోకి పోయి కుళాయి విప్పి ఏడ్చాను.

మర్నాడు పదకొండున్నరకు పై అంతస్తులో ఈతకొలను దగ్గరకు పోయాం. చుట్టూ నీళ్ళు, ఎటు చూసినా ఒడ్డన్నది లేదు. కమ్మీల పక్కన వాలుకుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. వాటిలో ఒకటి ఎక్కితే విమల్ తల కమ్మీ పైకొస్తుంది. అది నేనూ చూశాను, అత్తా చూసింది. ఆమె వెంటనే సంచిలోంచి కట్టుగుడ్డ తీసి వాడి నడుముకు ముడేసి, రెండో కొస తన ముంజేతికి చుట్టుకుంది. నేను పళ్ళు బిగపట్టుకుని ఊరుకున్నాను. వాడు హాయిగా తాడు పొడవునా తిరుగుతూ, కిందపడ్డ స్ట్రాలు ఏరుకుంటున్నాడు.

అప్పుడొచ్చింది సుగంధి. తిరువళ్ళూరులో పెద్ద కొట్టు సుందరరాజ్ గారి భార్య. నల్ల కళ్ళద్దాలు, పెద్ద టోపీ. కంపెనీ మేనేజరు కొట్లవాళ్ళ కుటుంబాలన్నిటికీ గ్రూప్ ఫోటో తీయిస్తున్నాడని మమ్మల్ని పిలవడానికి వచ్చి, తాడు చూసి ఆగిపోయింది.

"అయ్యయ్యో, ఏం చందనా ఇది? బిడ్డను నాయిక్కుట్టి మాదిరి కట్టుకోని తిరుగుతాండారు?"

నాయిక్కుట్టి అంటే కుక్కపిల్ల. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒకామె ఫోన్ పైకెత్తింది. నా ముఖం వేడెక్కిపోయింది. వంగి ముడి విప్పబోయాను. అది ఎటు లాగినా రాదు.

"ఇప్పొద్దు మే," అంది అత్త.

"ఇది మగ్గాలిల్లు కాదత్తా! నలుగురిలో నా పరువు తీయొద్దు. ఇప్పు."

ఆమె నా ముఖం కేసి చూసింది. ఏదో అనబోయింది. అనలేదు. ఒక పోగు పట్టి లాగింది, ముడి దానంతటదే జారిపోయింది. తాడును గుప్పిట్లో చుట్టుకుంది.

ముప్పై మందిమి కొలను ముందు మూడు వరసలుగా నిలబడ్డాం. పాటలు చెవులు పగిలేట్టు మోగుతున్నాయి. గోకుల్ వెనక వరసలో, నేనూ అత్తా ముందు వరసలో. విమల్‌ను మా ఇద్దరి మధ్య నిలబెట్టాను. ఫోటోగ్రాఫర్ టోపీలు తీయమన్నాడు, దగ్గరకు జరగమన్నాడు, మళ్ళీ కళ్ళద్దాలన్నాడు. అత్త ఒక్కసారిగా, "బిడ్డ..." అంటూ పక్కకు కదలబోయింది. నేను ఆమె మోచెయ్యి పట్టి లాగి, "ఇటు చూడత్తా, ఒక్క నిమిషం" అన్నాను. ఫోటో తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

కిందికి చూస్తే నా బిడ్డ లేడు.

మొదట కాళ్ళ మధ్య వెతికాను. ఆ జనంలో ఎవరి చీర వెనకో ఉంటాడనుకున్నాను. తర్వాత కుర్చీల కింద. తర్వాత కొలను. నీళ్ళలో పదిమంది పిల్లలున్నారు, ఒక్కొక్కరి ముఖమే చూశాను. తర్వాత ఇక ఆ కమ్మీల వైపు చూడక తప్పలేదు. వాలుకుర్చీలు వరసగా అట్లాగే ఉన్నాయి. ఒకదాని మీద స్ట్రా ఒకటి పడి ఉంది.

"బావా!" అని నేను అరిచిన అరుపు నాకే వినపడలేదు. గోకుల్ కమ్మీ మీద సగం ఒళ్ళు బయటకు వేసి కిందికి చూస్తున్నాడు. నీళ్ళు ఎంతో లోతున తెల్లగా చీలిపోతున్నాయి. వాడి పేరు పెట్టి పిలుస్తున్నాడు, సముద్రాన్ని పిలుస్తున్నట్టు. ఆ దృశ్యం నా పగవాళ్ళకు కూడా వద్దు.

ఓడలో పనిచేసే అమ్మాయి ఒకామె పరుగెత్తుకొచ్చింది. చొక్కా మీద మంజు అని పేరుంది. ఎంత వయసు, ఏం రంగు బట్టలు అని తమిళంలో అడిగింది. పసుపు బనియను అని చెప్పడానికి నాకు మూడుసార్లు పట్టింది. మైకులో ప్రకటించారు. పనివాళ్ళంతా ఎక్కడివక్కడ వదిలేసి కమ్మీల వెంబడి పరుగెత్తారు. అయిదు నిమిషాలయింది. పది నిమిషాలయింది. సుగంధి నా భుజం పట్టుకుని, "యాడికి పోతాడు, ఈడనే ఉంటాడు" అంటోంది. ఆ చేతిని విదిలించి కొట్టాను.

మా అత్త మాత్రం కదలకుండా ఫోటో తీసిన చోటే నిలబడి ఉంది. గుప్పిట్లో ఆ తాడు. దాన్ని చూడగానే నాకు పూనకం వచ్చినట్టయింది.

"అంతా నీవల్లే! కట్టి కట్టి పెంచితివి. విడిగా నిలబడేది నేర్పిస్తివా వాడికి? ఇప్పగానే పారిపోయినాడు. నా బిడ్డకు ఏమన్నా అయితే నీ ముఖం చూడను!"

విప్పించింది నేను. తిట్టింది ఆమెను. ఆ మాటలు ఇప్పటికీ నా నోట్లో చేదుగా తగులుతాయి.

ఆమె మంజు దగ్గరకు పోయి రెండు చేతులూ పట్టుకుంది. "ఆ పాట నిలపమ్మా. నీ కాళ్ళు మొక్కుతా. కొంచెంసేపు."

"పాట్టీ," అంది మంజు, తమిళంలో అవ్వా అన్నట్టు. "ఇప్పుడు పాటకేం..."

"నిలపమ్మా! ఈ పొద్దుకు వానికి నిద్ర టయము. నిద్ర వచ్చిందంటే యాడికి పోతాడో నాకు తెలుసు."

మంజు చెయ్యెత్తి సైగ చేసింది. పాట ఆగింది. అప్పటిదాకా పాట కింద ఇన్ని చప్పుళ్ళున్నాయని నాకు తెలియదు. గాలి, నీళ్ళు, మనుషుల అరుపులు, కింద ఎక్కడో ఓడ యంత్రం మూలుగు. అత్త కళ్ళు మూసుకుని గోడకు అరచెయ్యి ఆనించింది. భయంతో మతి చలించిందేమో అనుకున్నాను.

"మగ్గం," అంది. "యాడో మగ్గం ఆడతాండాది."

గోడ మీద చెయ్యి తీయకుండానే నడిచింది. కొలను దాటి, ఐస్‌క్రీం బల్ల దాటి, మలుపు తిరిగింది. నేనూ మంజూ వెనకే. గోకుల్‌ను పిలిచాను, అతను కమ్మీ వదిలి రాలేదు. రెండడుగులు వేసి ఆగుతుంది, చెయ్యి పైకీ కిందికీ జరుపుతుంది, మళ్ళీ నడుస్తుంది. తెల్ల రంగు తలుపు ఒకటి వచ్చింది. పనివాళ్ళు తప్ప ఎవరూ పోకూడదని రాసుంది. టవళ్ళ బండి అడ్డంగా ఉండి ఆ తలుపు పూర్తిగా మూసుకోలేదు. అప్పుడు నాకూ వినపడింది. రెండు గట్టివి, ఒకటి మెల్లగా.

అది తడి టవళ్ళు ఆరబెట్టే గది. లోపల ఎవరూ లేరు. మైకులో ప్రకటన విని ఇక్కడి మనిషి కూడా నా బిడ్డను వెతకడానికే పరుగెత్తాడట. పెద్ద యంత్రాలు మూడు తిరుగుతున్నాయి. చివరిదాని కాలు సరిగ్గా ఆనక, ఊగి ఊగి గోడకు కొట్టుకుంటోంది. రిపేరు మధ్యలో వదిలేశారేమో, దాని వెనక రేకు ఊడదీసి ఉంది. లోపల బెల్టు గిర్రున తిరుగుతోంది. గోడకూ యంత్రానికీ మధ్య సందులో, పడిపోయిన టవళ్ళ కుప్ప మీద, పసుపు బనియను.

విమల్ నిద్రపోతున్నాడు. బోర్లా పడుకుని, కుడిచెయ్యి ముందుకు చాచి. ఆ చేతి వేళ్ళకూ తిరిగే బెల్టుకూ మధ్య జానెడు లేదు.

నా గొంతులోంచి అరుపు రాబోయింది. అత్త నా నోరు గట్టిగా మూసేసింది. మంజు గోడమీది స్విచ్ వైపు చెయ్యి చాపింది.

"ఆపొద్దు!" అత్త గుసగుసగా అన్నా ఆ గొంతుకు మంజు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "మగ్గం ఆగితే బిడ్డ లేస్తాడు. లేస్తానే చెయ్యి చాపుతాడు. చక్రం ఎంటనే నిలబడదు."

నిజమే. వాడు లేచే తీరు నాకు తెలియదా? కరెంటు పోయిన ప్రతి మధ్యాహ్నం చూసిందే కదా. అయినా ఆ క్షణంలో నాకు తట్టలేదు. స్విచ్ నా చేతికి అందే చోట ఉంటే నేనే నొక్కేసి ఉండేదాన్ని.

"నువ్వు పో అత్తా," అన్నాను.

ఆమె ఒక అడుగు వేసింది. బెల్టును చూసింది. అంతే, అక్కడే గోడకు జారగిలబడిపోయింది. ముఖం నిండా చెమట. ఎన్నడూ ఏ పనికీ వెనక్కు తగ్గని మనిషి, చెయ్యెత్తి నాకు దారి చూపించింది. "నాకు కాదు మే. నువ్వు పో. పిలవాకు. మోత ఎట్ల పడతాదో నువ్వూ అట్లే జరుగు. ముందర ఆ చెయ్యి పట్టుకో, తరవాతే బిడ్డను ఎత్తుకో."

చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, మోకాళ్ళ మీద ఆ సందులోకి దూరాను. ఒక పక్క వేడి రేకు భుజానికి చురుక్కుమంది. రెండు గట్టివి, ఒకటి మెల్లగా. ఆ మోతలోనే జరిగాను. ఒకసారి వాడు కదిలాడు, వేళ్ళు ముడిచి తెరిచాడు. తర్వాత ఆ చిట్టి చెయ్యి నా చేతిలోకి వచ్చింది. గట్టిగా పట్టుకుని వెనక్కు లాక్కున్నాను. వాడు ఉలిక్కిపడి లేచి, కళ్ళు తెరవకుండానే రెండో చెయ్యి చాపి నా ముక్కు పట్టుకున్నాడు.

బయటకు వచ్చాక గోకుల్ పరుగెత్తుకొచ్చి ముగ్గురినీ ఒకేసారి వాటేసుకుని పసిబిడ్డలా ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి విమల్ కూడా అందుకున్నాడు.

ఆ నడవాలోనే కింద కూర్చుండిపోయాం. అత్త గోకుల్ ఎడమచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. అతని చిటికెన వేలికి పై కణుపు లేదు. సైకిల్ చైన్‌లో పడి తెగిందని పెళ్ళిచూపుల్లో నాకు చెప్పారు.

"సైకిల్ కాదు మే," అంది. "మగ్గం బెల్టు. వీనికీ అప్పుడు ఇంతే వయసు. కట్టేసే ఉంటి. లుంగీలు కొనే యాపారి పెండ్లాం వచ్చింటే, బిడ్డను కుక్కమాదిరి కట్టినావే అని నవ్వె. నాకు సిగ్గయిపాయ. ఇప్పినా. నూలు తెగింటే ముడేసేదానికి అట్ల తిరిగినా, అంతే."

అతని మొండి వేలిని నిమురుతూ మళ్ళీ అంది. "ఇందాక నువ్వు ఇప్పమంటివే, అప్పుడే ఈ మాట చెప్పాల్సింది. చెప్పేదానికీ సిగ్గయిపాయ. ముప్పై ఏండ్లయినా నా సిగ్గు పోలేదు చూడు."

నేను ఆమె గుప్పిట్లోంచి కట్టుగుడ్డ తీసుకుని విమల్ నడుముకు చుట్టాను. నేనేసిన ముడి రెండుసార్లు జారిపోయింది. ఆమె నా వేళ్ళు పట్టుకుని నేర్పింది. ఈ కొస కిందినుంచి, ఆ కొస పైనుంచి. బిడ్డ లాగితే బిగుస్తుంది, తల్లి లాగితే ఊడుతుంది.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున, ఓడ దిగేదాకా ఆ తాడు నా ముంజేతికే ఉంది. సుగంధి ఎదురుపడి తల దించుకుంది. ఎవరు నవ్వారో, ఎవరు ఫోటోలు తీసుకున్నారో నేను చూడలేదు.

నెల తర్వాత కంపెనీ వాళ్ళు ఆ గ్రూప్ ఫోటోను అద్దం కట్టించి పంపారు. కొట్లో పెట్టొద్దని గోకుల్‌కు చెప్పి ఇంటికి తెప్పించి, మగ్గాల గదిలో స్తంభం మీద నేనే మేకు కొట్టి తగిలించాను. ముప్పై మంది నవ్వుతున్నారు, నేను అందరికన్నా ఎక్కువ. మా ఇద్దరి మధ్య బిడ్డ నిలబడాల్సిన చోట, వెనక వరసల కాళ్ళ సందుల్లోంచి కొలను నీళ్ళు కనిపిస్తున్నాయి. మా అత్త ఒక్కతే కెమెరా కేసి చూడటం లేదు. ఆమె పక్కకు ఒంగి ఉంది, నా చెయ్యి ఆమె మోచెయ్యిని గట్టిగా పట్టుకుని ఉంది.